నల్లరేగడిలో ఇరుక్కున్న సఫారీ బండి: మా కర్మన్‌ఘాట్ బ్యాచ్ మసాయి మారా ట్రిప్

పోయిన వారం ఒక చిన్న క్లిప్ పెట్టాను కదా, నది దాటుతున్న వైల్డ్‌బీస్ట్‌ల మంద, వెనకాల ఎవరో "ఓరి దేవుడా, ఓరి దేవుడా" అని అరుస్తున్నది... ఆ గొంతు నాదే. సిగ్గేం లేదు, మీరున్నా అట్లనే అరిచేవాళ్లు. అది చూసి చాలామంది అడిగారు. అక్కా ఎంత ఖర్చయింది, ఎట్లా వెళ్లారు, సింహం దగ్గరికి వచ్చిందా అని. అన్నీ చెప్తాను. కానీ ఆ క్లిప్ తీసిన రెండు గంటల తర్వాత ఏం జరిగిందో ఇప్పటిదాకా ఎక్కడా చెప్పలేదు. మా పెద్దనాన్నను అడిగి, ఆయన ఒప్పుకున్నాకే ఇప్పుడు చెప్తున్నా. ఇది కొంచెం పెద్ద ఎపిసోడ్. ఛార్జింగ్ చూసుకుని కూర్చోండి.

ముందు బ్యాచ్ గురించి. మాది కర్మన్‌ఘాట్, హనుమాన్ గుడికి నడిచివెళ్లేంత దూరం. మా కాలనీలో పదేళ్లుగా ఒక చిట్టీ నడుస్తోంది. నడిపేది మా పెద్దమ్మ. చిట్టీ పాడుకునేటప్పుడు ఎప్పుడూ గొడవే. అయితే రెండేళ్ల కింద ఎవరో అన్నారు, ఈసారి చిట్టీ డబ్బులతో అందరం కలిసి ఎక్కడికన్నా పోదామని. కాశీ అన్నారు, సింగపూర్ అన్నారు, దుబాయ్ అన్నారు. మా పెద్దనాన్న ఒక్కడే "ఆఫ్రికా" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. టీవీలో జంతువుల ఛానెల్ పెడితే అన్నం కూడా అక్కడే తింటాడు. ఆయన వాదన ఏంటంటే, మనముండే ఊరే అడవి అంట. నిజమే, మా గుడి స్థలపురాణం తెలిసినవాళ్లకు గుర్తొస్తుంది. 12వ శతాబ్దంలో కాకతీయ రాజు రెండో ప్రోలుడు ఇటువైపు వేటకొచ్చాడనీ, చెట్టుకింద కూర్చుంటే పులి గాండ్రింపు వినిపించిందనీ, వెతుక్కుంటూ పోతే ఆంజనేయుడి విగ్రహం దొరికిందనీ చెప్తారు. అంటే ఇప్పుడు సాగర్ రింగ్ రోడ్డు మీద మనం సిగ్నల్ కోసం ఆగే చోట ఒకప్పుడు పులి తిరిగిందన్నమాట. ఇప్పుడు మనకు మిగిలింది వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పటి నిజాముల వేట స్థలం. కృష్ణజింకలుంటాయి, వెళ్లనివాళ్లు వెళ్లండి, ఎల్బీ నగర్ నుంచి ఎంత దూరమని? అది పదిహేను చదరపు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. మసాయి మారా రిజర్వు 1,510 చదరపు కిలోమీటర్లు. అంటే మన వనస్థలి లాంటివి వంద పడతాయి అందులో. దానికి కింద ఆనుకునే టాంజానియా వైపు సెరెంగెటి, అది ఇంకా పదింతలు.

మొత్తానికి పదమూడు మందిమి తేలాం. 2025 ఆగస్టు. పెద్దనాన్న, పెద్దమ్మ, వాళ్ల అమ్మాయి అంటే మా అక్క, బావ, నేను, కిరాణా షాపు అంకుల్, ఇంకా మూడు ఫ్యామిలీలు. మనిషికి అన్నీ కలిపి దాదాపు రెండున్నర లక్షలు. అవును, ఎక్కువే. ఆగస్టు అంటే అక్కడ సీజన్. రిజర్వు లోపలికి వెళ్లడానికే విదేశీయులకు జూలై నుంచి డిసెంబర్ దాకా రోజుకు 200 డాలర్లు. అదీ పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే చెల్లుతుంది. ఈ "సాయంత్రం ఆరు" అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

కాగితాల పని త్వరగా చెప్పేస్తా. 2024 జనవరి నుంచి కెన్యాకు వీసా లేదు, ఆన్‌లైన్‌లో ఈటీఏ తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. నారాయణగూడలో ఐపీఎం ఉంది కదా, అక్కడ వేస్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ పసుపు కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెడతారు, ఆరు రోజుల దాకా. 60 దాటినవాళ్లకు ఆ టీకా విషయంలో డాక్టర్లు కొంచెం ఆలోచిస్తారు. పెద్దనాన్నకు 66, దానికితోడు షుగర్, రోజుకు రెండుసార్లు ఇన్సులిన్. ఆయన డాక్టర్ చుట్టూ మూడుసార్లు తిరిగితేగానీ పని కాలేదు. డాక్టర్ చివర్లో ఒక మాట చెప్పాడంట: "టీకా సంగతి నేను చూసుకుంటా, టైముకు తినే సంగతి నువ్వు చూసుకో" అని. ఇది నాకు తర్వాత తెలిసింది.

ఇంకోటి, ఇన్సులిన్‌ను చెక్-ఇన్ బ్యాగులో వేయొద్దు, చలికి గడ్డకడితే పాడైపోతుంది. చేతి బ్యాగులోనే, డాక్టర్ చీటీతో.

ముంబై మీదుగా నైరోబీ. దిగగానే మొదటి షాక్, చలి! ఆఫ్రికా అంటే ఎండ అనుకుని అందరం కాటన్ బట్టలే సర్దుకున్నాం. నైరోబీ సముద్రమట్టానికి 1,700 మీటర్ల పైన ఉంది, ఊటీ అంత కాకపోయినా అరకు కంటే ఎత్తు. ఆగస్టు అక్కడ చలికాలం. పెద్దమ్మ ఒక్కతే స్వెట్టర్లు తెచ్చింది, నాలుగు. నలుగురికే దొరికాయి.

రెండో షాక్ కిరాణా అంకుల్‌కు. కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. అమ్మినా వాడినా భారీ జరిమానా, జైలు కూడా. 2020 నుంచి నేషనల్ పార్కుల్లోకి వాడి పారేసే నీళ్ల సీసాలు కూడా తీసుకుపోనివ్వరు. మన అంకుల్ చేతిలో నాలుగు కవర్లు... ఒకదాంట్లో చెగోడీలు, ఒకదాంట్లో కారప్పూస, ఒకదాంట్లో చెప్పులు, ఇంకొకదాంట్లో ఖాళీ కవర్లు! ఎందుకంకుల్ ఖాళీవి అంటే "అవసరం పడ్తయి కదమ్మా" అన్నాడు. అన్నీ అక్కడే వదిలేసి, చెగోడీలు స్టీలు డబ్బాలోకి మార్చి బయటపడ్డాం. బండెక్కాక కూడా చాలాసేపు ఆయన "మరి పావుకిలో పప్పు దేంట్ల కట్టిస్తరు?" అని ఆలోచిస్తూనే ఉన్నాడు.

రెండు ల్యాండ్ క్రూయిజర్లు, పైకప్పు ఎత్తే రకం. మాది మొదటి బండి, ఆరుగురం. రెండో దాంట్లో ఏడుగురు. మా డ్రైవర్‌కు నలభై ఏళ్లుంటాయి, డ్రైవరూ ఆయనే, గైడూ ఆయనే. మొదటి పది నిమిషాల్లోనే మాకు ఆయన భాష నచ్చేసింది. ఎందుకంటే సగం మనదే! బండిని "గారి" అంటారు. గాడీ నుంచి వచ్చింది. చాయ్ అంటే చాయే, చపాతీ అంటే చపాతీయే, షాపు అంటే "దుకా". కానీ వరసలు మాత్రం మొత్తం తలకిందులు. స్వాహిలిలో "మామా" అంటే అమ్మ, "కాకా" అంటే అన్న, "దాదా" అంటే అక్క. అన్నిటికంటే పెద్ద జోకు, "బాబు" అంటే తాత! డ్రైవర్ మర్యాదగా మా పెద్దనాన్నను "బాబు, బాబు" అని పిలుస్తుంటే, ఆయన మురిసిపోయాడు, ఈ వయసులో నన్ను బాబూ అంటున్నాడు చూడండని. అర్థం తెలిశాక మొహం మాడ్చుకున్నాడు. అయినా పిలుపు మాత్రం ఆగలేదు.

ఈ మాటలు అక్కడిదాకా ఎట్లా పోయాయో కొంచెం చెప్పాలి. మన గుజరాత్ వ్యాపారులు ఆ తీరానికి ఎప్పటినుంచో పడవల్లో పోతున్నారు. ఆ తర్వాత 1896లో బ్రిటిష్‌వాళ్లు మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా రైలు మార్గం మొదలుపెట్టి, కూలీలను మన దేశం నుంచి తీసుకెళ్లారు. ముప్పై వేలకు పైగా మనుషులు, ఎక్కువమంది పంజాబ్ వైపు వాళ్లు. 1898లో త్సావో అనే చోట వంతెన కడుతుంటే రెండు మగ సింహాలు రాత్రిళ్లు గుడారాల్లోకి దూరి మనుషుల్ని ఈడ్చుకుపోయేవి. నెలల తరబడి. ప్యాటర్సన్ అనే ఇంజినీరు ఆ డిసెంబర్‌లో రెండింటినీ కాల్చి చంపాడు, పుస్తకం రాశాడు, పేరు తెచ్చుకున్నాడు. ఆ సింహాలు ఇప్పటికీ షికాగోలో ఫీల్డ్ మ్యూజియంలో ఉన్నాయి. పోయిన కూలీల పేర్లు మాత్రం మనలో ఎవరికి తెలుసు? నైరోబీ నుంచి వస్తుంటే రిఫ్ట్ లోయ వ్యూ పాయింట్ దగ్గర ఆగి అందరూ సెల్ఫీలు దిగుతుంటే, మా బావ ఈ కథ చెప్పాడు. ఆ రాత్రి లాడ్జి టెంట్లో సగంమంది నిద్రపోలేదు. థాంక్యూ బావా.

మొదటి రెండు రోజులు అద్భుతం. నేను ఎక్కువ చెప్పను, రీల్స్‌లో అన్నీ పెట్టాను. సింహాలు ఫస్ట్ రోజే పదకొండు. చిరుత ఒకటి, చెట్టు మీద, తోక మాత్రమే. మసాయి పల్లెలో గెంతే డాన్స్, అక్కడ అక్క బేరమాడి కొన్న పూసల దండ లాడ్జి షాపులో సగం ధరకే దొరికింది, అది వేరే ఏడుపు. ఇక మూడో రోజుకొద్దాం.

మూడో రోజు ప్లాన్ నది. మారా నది. దీన్ని అర్థం చేసుకోవాలంటే ఆ మంద సంగతి తెలియాలి. పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు, వాటితో లక్షల్లో జీబ్రాలు, ఏడాదంతా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. ఫిబ్రవరి ప్రాంతంలో సెరెంగెటి దక్షిణాన ఈనుతాయి. వాన ఎటుపడితే అటు, గడ్డి ఎటు మొలిస్తే అటు. జూలై, ఆగస్టు నెలలకు ఈ నది దగ్గరికొస్తాయి. నదిలో మొసళ్లు ఏడాదంతా వీటికోసమే కాచుకుని ఉన్నట్టుంటాయి. ఎప్పుడు దాటుతాయో ఎవరూ చెప్పలేరు. ఒడ్డుదాకా వస్తాయి, నీళ్లు చూస్తాయి, వెనక్కి తిరుగుతాయి. మళ్లీ వస్తాయి. ఒక్కటి దూకితే అన్నీ దూకుతాయి. ఆ ఒక్కటి దూకాలి, అంతే. కొన్ని బండ్లు రెండు రోజులు కాచుకుని చూడకుండానే వెళ్లిపోతాయంట.

మేం పొద్దున ఆరింటికి పెద్దనాన్న ఇన్సులిన్, టిఫిన్ అన్నీ అయ్యాక బయల్దేరాం. లంచ్ బాక్సులు లాడ్జివాళ్లు కట్టిచ్చారు. పదమూడు బాక్సులూ రెండో బండి వెనక పెట్టారు, అందులో చోటు ఎక్కువని. తొమ్మిదిన్నరకు నది దగ్గరికి చేరాం. అవతలి ఒడ్డున మంద... ఎట్లా చెప్పాలి... కొండ మీద మిరియాలు చల్లినట్టు. కదులుతున్న మిరియాలు.

పదకొండున్నరకు రెండో బండిలో ఒక ఆంటీకి వాంతులు మొదలయ్యాయి. కాసేపట్లో చాలా నీరసపడిపోయింది. ఆ బండి లాడ్జికి తిరిగిపోవాలని నిర్ణయం అయింది. ఆంటీకి తోడుగా మా పెద్దమ్మ ఆ బండెక్కింది. ఆంటీ వాళ్ల అబ్బాయి, ఇంటర్ పిల్లాడు, నది దాటేది చూడాలని మా బండెక్కాడు. డ్రైవర్లిద్దరూ ఖాళీ మైదానంలో బండ్లు పక్కపక్కన ఆపి, చుట్టూ చూసి, గబగబా మార్పించారు. పెద్దమ్మ దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని చెప్పింది: "ఒంటిగంటకు మీ పెద్దనాన్నకు తినవెట్టు. మర్చిపోకు బిడ్డా." "సరే పెద్దమ్మా" అన్నాను. అన్నాను, ఫోన్‌లో జూమ్ సెట్ చేసుకుంటూ.

రెండో బండి వెళ్లిపోయింది. లంచ్ బాక్సులతో సహా. పెద్దమ్మ హ్యాండ్‌బ్యాగుతో సహా. ఆ బ్యాగులో ఎప్పుడూ గ్లూకోజ్ పొడి, నాలుగు చాక్లెట్లు, షుగర్ చూసే మెషీను ఉంటాయి.

ఒంటిగంటకు నాకు గుర్తొచ్చింది. గుర్తొచ్చిందండీ, మర్చిపోలేదు. బాక్సులు అడిగితే డ్రైవర్ తల పట్టుకున్నాడు. "వెనక్కి పోదామా? గంటన్నర పడుతుంది" అన్నాడు. పెద్దనాన్న "పోదాం పా" అన్నాడు. సరిగ్గా అప్పుడే మంద ఒడ్డు దగ్గరికి దిగింది. ముందు వరస నీళ్లల్లో కాళ్లు పెట్టింది. నేను అన్నాను, "పెద్దనాన్నా, ఇంకో అరగంట! ప్లీజ్, ఇంతదూరం వచ్చి..." ఆయన నా మొహం చూశాడు. "సరే, పిల్లను చూడనియ్యున్రి" అన్నాడు. అందరి బ్యాగులు వెతికితే చెగోడీలు, నా దగ్గర ఒక షుగర్‌ఫ్రీ బిస్కెట్ ప్యాకెట్. ఆయనకోసమే కొన్నది. నాలుగు బిస్కెట్లు తిన్నాడు, నీళ్లు తాగాడు.

అరగంట గంటన్నర అయింది. రెండు యాభైకి దాటాయి.

క్లిప్ మీరు చూశారు. ఫోన్‌లో రానిది చెప్తాను. చప్పుడు. వేల గొంతులు ఒకేసారి, కప్పల బెకబెకకూ గేదె అరుపుకూ మధ్యలో ఉంటుంది. దుమ్ము వాసన, పేడ వాసన. ఒక దూడ ప్రవాహంలో పక్కకు కొట్టుకుపోయి, వాళ్లమ్మ ఒడ్డెక్కి మళ్లీ వెనక్కి చూస్తూ నిలబడింది. దూడ కింద బండల దగ్గర ఎక్కింది. ఇంకొకదాన్ని మొసలి పట్టింది, అది నేను పోస్ట్ చేయలేదు. పెద్దనాన్న పైకప్పులోంచి నిలబడి చూస్తూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆయన కళ్లల్లో నీళ్లు. దుమ్ము అన్నాడు. ఒక విషయం చెప్పాలి, కొన్ని బండ్లు మందకు మరీ దగ్గరగా దూసుకుపోయాయి, ఫొటోల కోసం. మా డ్రైవర్ వెనకే ఉన్నాడు. దారి మూసేస్తే అవి బెదిరి, దూకకూడని చోట దూకి చస్తాయి. మీరు వెళ్తే డ్రైవర్‌ను ఇంకా ముందుకు, ఇంకా ముందుకు అని తొందరపెట్టకండి.

మూడున్నరకు బయల్దేరాం. అప్పటికే మబ్బు పట్టింది. పది నిమిషాలు వాన, పెద్ద చినుకులు. అంతే. మసాయి మారా నేల చాలాచోట్ల నల్లరేగడి. మన తాండూరు వైపు, నారాయణఖేడ్ వైపు ఉంటుందే, అదే. ఎండితే రాయి, తడిస్తే జిగురు. నాలుగింటికి ఒక చిన్న వాగు దిగి ఎక్కుతుంటే వెనక చక్రం కూరుకుపోయింది.

ఇక్కడ మా పెద్దనాన్న సంగతి. ఆయన ఉద్యోగం మొదలుపెట్టింది తాండూరు డిపోలో. రేగడిలో బస్సు దిగబడితే ఎట్లా లాగాలో ఆయనకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? డ్రైవర్ ఒకసారి ఎక్సలేటర్ తొక్కగానే ఈయన ముందు సీట్లోకి వంగి, తెలుగులోనే, "గట్ల తిప్పకయ్యా, గుంత ఇంక లోతు పడ్తది! గాలి తియ్యి, చక్రం కింద కొమ్మలెయ్యి!" డ్రైవర్‌కు భాష రాకపోయినా చేతులు అర్థమయ్యాయి. నవ్వి, "యెస్ బాబు, బట్ నో గెట్టింగ్ డౌన్" అని చెయ్యి చూపించాడు. ఎనభై అడుగుల దూరంలో పొదల్లో అడవిదున్నలు. మూడు, ముసలి మగవి. సింహాలకంటే వాటికే ఇక్కడివాళ్లు ఎక్కువ భయపడతారు. మందలోంచి విడిపోయిన మగ దున్న ఎప్పుడు మీదికొస్తుందో తెలియదు. డ్రైవర్ రేడియోలో మాట్లాడాడు. ఇంకో బండి వస్తుందనీ, అది నదికి అవతలి మలుపులో ఉందనీ, గంట పట్టొచ్చనీ చెప్పాడు.

మొదటి అరగంట సరదాగానే ఉంది. పాటలు, అంత్యాక్షరి. తర్వాత పెద్దనాన్న కోపం మొదలైంది. దిగుతానంటాడు. డోర్ పట్టుకుంటాడు. బావ వద్దన్నాడని బావను తిట్టాడు, పెళ్లప్పటి కట్నం మాట కూడా తీశాడు! అక్క ఏడుపు. కిరాణా అంకుల్ సర్దిచెప్పబోతే ఆయన్నూ తిట్టాడు. నాకు ఒళ్లు మండింది. రెండు గంటల కింద కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషేనా అనిపించింది. "పెద్దనాన్నా, నువ్వు ఆర్టీసీ డ్రైవర్‌వి కాదిప్పుడు, కూర్చో!" అని గట్టిగా అరిచాను. అందరిముందు. ఆయన కూర్చున్నాడు. కూర్చుని నావైపు చూసి, "టికెట్ తీసుకున్నవా?" అన్నాడు.

వెటకారం అనుకున్నాను.

మళ్లీ అన్నాడు. "మాల్ దాకానా, దేవరకొండ దాకానా?" ఆయన రిటైరయ్యేముందు నడిపిన రూటు అది. అప్పుడు ఇంటర్ పిల్లాడు, వెనక సీట్లోంచి, "అక్కా, అంకుల్ చొక్కా మొత్తం తడిసిపోయింది" అన్నాడు. వాన బండి లోపలికి రాలేదు. చలికి మేమంతా ముడుచుకుని ఉన్నాం. ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా, జిగటగా, సన్నగా వణుకుతోంది.

అప్పుడు తగిలింది నాకు. ఇది కోపం కాదు. షుగర్ పడిపోయింది.

ఇది మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే జాగ్రత్తగా వినండి. పొద్దున వేసుకున్న ఇన్సులిన్ కొన్ని రకాలు మధ్యాహ్నం దాకా పనిచేస్తూనే ఉంటాయి. తిండి పడకపోతే రక్తంలో షుగర్ కిందికి పోతుంది. మెదడుకు షుగర్ అందకపోతే మనిషి మారిపోతాడు. చెమట, వణుకు, చిరాకు, కోపం, సంబంధంలేని మాటలు. తాగినవాడిలా ఉంటాడు. ఇంకా పడితే స్పృహ పోతుంది, ఫిట్స్ రావచ్చు. అప్పుడు వెంటనే తియ్యటిది ఇవ్వాలి. మూడు నాలుగు చెంచాల చక్కెర, లేదా అరగ్లాసు మామూలు జ్యూసో కూల్‌డ్రింకో. పావుగంట ఆగి తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆస్పత్రికే.

ఇవన్నీ ఇప్పుడు చక్కగా చెప్తున్నాను. ఆరోజు బండిలో నా దగ్గరున్నవి ఏంటి? షుగర్‌ఫ్రీ బిస్కెట్లు. చెగోడీలు. ఆవకాయ. ఆస్పత్రి ఎక్కడో, సిగ్నల్ లేదు, బయట దున్నలు.

"షుగర్, షుగర్!" అని డ్రైవర్ మీద అరిచాను. ఆయన "బాబు హ్యాస్ షుగర్?" అన్నాడు, జబ్బు అనుకుని. "నో! గివ్ షుగర్! చక్కెర! షక్కర్!" అంటుంటే ఆయనకు వెలిగింది. "సుకారి?" అన్నాడు. సుకారి! అదే మాట! సీటు కింద నుంచి ఒక పాత ఫ్లాస్కు తీశాడు. ఆయన చాయ్. అక్కడి చాయ్ పాలు పోసి మనలాగే కాస్తారు, చక్కెర మాత్రం మన ఇరానీ హోటల్ కంటే ఎక్కువ. రోజంతా ఆయన తాగుతూ వచ్చిన దాంట్లో ఒక గ్లాసు మిగిలింది. ఇంకా డ్యాష్‌బోర్డు అరలో ఒక అల్లం సోడా.

పెద్దనాన్న తాగనన్నాడు. "డ్యూటీల తాగ" అన్నాడు. అక్క బతిమాలింది. నేను బతిమాలాను. చివరికి డ్రైవర్ వెనక్కి తిరిగి, రెండు చేతులతో మూతగ్లాసు పట్టుకుని "చాయ్, బాబు. గారి స్టాప్. చాయ్" అన్నాడు. బండి ఆగింది, చాయ్ తాగు అని. ఆ మాట ఆయనకు ఏ లోకంలో అర్థమైందో గానీ, తీసుకుని తాగాడు. మొత్తం. తర్వాత సోడా సగం.

పావుగంట. నా జీవితంలో అంత పొడవైన పావుగంట లేదు. దున్నలు మేస్తున్నాయి. ఎవరూ మాట్లాడట్లేదు. నేను ఆయన చెయ్యి వదల్లేదు. మెల్లగా వణుకు తగ్గింది. కళ్లు మూసుకున్నాడు. భయమేసి కదిపాను. కళ్లు తెరిచి, "ఏందే, ఎందుకేడుస్తున్నవ్?" అన్నాడు. మామూలు గొంతు. మా పెద్దనాన్న గొంతు. ఆయనకు మధ్యలో అరగంట అసలు గుర్తులేదు. కట్నం మాటా గుర్తులేదు. బావకు మాత్రం గుర్తుంది!

అయిదు యాభైకి ఇంకో బండొచ్చింది. వాళ్ల గైడ్ బండి పైకెక్కి దున్నలవైపు చూస్తూ కాపలా ఉంటే, ఇద్దరు డ్రైవర్లు దిగి, చక్రాల గాలి కొంత తీసి, కొమ్మలు వేసి, పట్టీ కట్టి లాగారు. పెద్దనాన్న లోపల కూర్చుని గుసగుసగా "జెప్పిన్నా లేదా, నేను జెప్పిన్నా లేదా" అంటున్నాడు. ఆ బండిలోవాళ్లు ఇచ్చిన అరటిపండ్లు, బ్రెడ్డు తిన్నాడు. గేటు దాటేసరికి ఆరూ నలభై. ఆరు దాటితే జరిమానా పడుతుందని మా డ్రైవర్ దారంతా టెన్షన్‌లో ఉన్నాడు, కానీ రేడియోలో ముందే చెప్పి ఉండటంతో రేంజర్ పెద్దనాన్న మొహం మీద టార్చి వేసి చూసి, పొమ్మన్నాడు.

లాడ్జిలో పెద్దమ్మ గుమ్మంలోనే ఉంది. ఆమె నన్ను ఏమీ అనలేదు. మెషీన్ తెచ్చి ఆయన వేలు పొడిచి చూసింది, 112. అప్పుడు నన్ను చూసి, "ఎన్నింటికి తినవెట్టినవ్?" అంది. అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఆమె తల ఊపి లోపలికి పోయింది. ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. తెల్లారి కూడా లేదు. హైదరాబాద్ వచ్చాక మూడో రోజు మాట్లాడింది, చిట్టీ డబ్బులు అడగడానికి.

చివరి రోజు పెద్దనాన్న ముందు సీటు నాకే కావాలన్నాడు. ఆయన, డ్రైవర్ ఇద్దరూ మొత్తం దారి మాట్లాడుకున్నారు. ఈయన తెలుగు, ఆయన స్వాహిలి. గేర్లు, క్లచ్చు, డీజిల్, అధికారులు, జీతం. ఏం అర్థమైందో నాకు తెలియదు, ఇద్దరూ తలలు ఊపుతున్నారు. నైరోబీలో దిగేటప్పుడు ఆ ఫ్లాస్కుకు బదులుగా పెద్దనాన్న తన స్టీలు ఫ్లాస్కు ఆయనకిచ్చి, ఆ పాతది తెచ్చుకున్నాడు. ఇప్పుడు రోజూ పొద్దున గుడి దగ్గర వాకింగ్‌కు అదే తీసుకెళ్తాడు. చక్కెర లేని చాయ్‌తో లెండి. జేబులో మాత్రం నాలుగు చాక్లెట్లు ఉంటాయి, రోజూ పొద్దున నేనే వేస్తాను.

కామెంట్లలో ఒకరు అడిగారు, పెద్దవాళ్లను సఫారీకి తీసుకెళ్లొచ్చా అని. తీసుకెళ్లండి. ఒక్కో బండిలో ఆ బండివాళ్ల తిండి, మందులు, చక్కెర వేరుగా పెట్టండి. బండ్లు విడిపోతాయి. ఖర్చు వివరాలు, టీకా, ఈటీఏ సంగతులు విడిగా ఇంకో చిన్న ఎపిసోడ్‌లో చెప్తాను, ఇప్పటికే లెంగ్త్ ఎక్కువైంది.

ఒక్క నిమిషం... పెద్దనాన్న హాల్లోంచి అరుస్తున్నాడు. ఏంటి పెద్దనాన్నా? దున్నలా? మూడు అని చెప్పాను. మూడే కదా? ...అయిదంటున్నాడు. పెద్దనాన్నా, నువ్వప్పుడు దేవరకొండ బస్సులో ఉన్నావ్! మూడే. సరే ఫ్రెండ్స్, ఇక్కడికి ఆపేస్తా, లేకపోతే ఆయన కెమెరా ముందుకు వచ్చేస్తాడు. ఉంటాను, బై.